కాంతమణికి మిగిలిన మాట

జూలై 9

ఏ పూట ఏం చేయించానో రోజూ రాసి పెట్టుకోమని అక్సా చెప్పింది. కాళ్ళూ చేతులూ ఆడించడానికి వచ్చే ఫిజియోథెరపీ పిల్ల. నాలుగో తరగతి చదివినవాణ్ణి, నేనేం రాస్తాను. యూనియన్ వాళ్ళు ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంటే తీశాను. ఎవరికీ చూపించను. నా రాత నాకే సరిగ్గా అర్థం కాదు.

నా భార్య కాంతమణికి పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు ఉన్నాయి గానీ లేవు. మాట పూర్తిగా పోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చే రోజు పెద్ద డాక్టరు క్యారల్‌తో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. నా బిడ్డ తలూపుతూ నిలబడింది. బయటికొచ్చాక "ఏమన్నడే?" అని అడిగితే, "ట్రై చేద్దామన్నడు నాన్నా" అన్నది.

ఈ మాట నాకు బాగా తెలుసు. రైల్వే క్వార్టర్ కోసం తిరిగినప్పుడు ఆఫీసులో బాబు ట్రై చేద్దాం నోవహూ అన్నాడు. రాలేదు. బదిలీ ఆపమని పోతే ట్రై చేద్దాం అన్నాడు. ఆగలేదు. లేదు అని చెప్పడానికి నోరు రానివాడు ట్రై అంటాడు. నేను రైల్వే వర్క్‌షాప్‌లో సమ్మెట కొట్టి రిటైరైన హ్యామర్‌మ్యాన్‌ను. కాలిన ఇనుము మీద దెబ్బ పడిందా లేదా, అంతే. అక్కడ ట్రై లేదు.

డాక్టరు ఏమన్నా అననీ. నేను నడిపిస్తాను.

జూలై 12

మంచం మీద కూర్చోబెట్టాను. పక్కకు పడిపోయింది. మళ్ళీ కూర్చోబెట్టాను.

జూలై 13

అదే.

జూలై 20

మాట వచ్చింది.

కిటికీ చువ్వలు ఎడమ చేత్తో పట్టించి నిలబెట్టాం. నా పాత తోలు బెల్టు ఆమె నడుముకు కట్టి వెనక నుంచి నేను పట్టుకున్నాను. అక్సా కింద కూర్చుని కుడి మోకాలు వంగకుండా రెండు చేతులతో ఆపింది. మణి ఒళ్ళంతా వణుకుతోంది. అప్పుడు నోరు వంకర పోయి, లోపల నుంచి ఏదో తోసుకుని వచ్చింది.

"ట్... ట్రయ్."

అక్సా అరిచినంత పని చేసింది. "అంకుల్! ఆంటీ ట్రై అన్నరు! విన్నరా?"

"ఇంకోసారి అను మణీ."

"ట్రై."

క్యారల్‌కు ఫోన్ చేస్తే మల్కాజ్‌గిరి నుంచి ఆటోలో వచ్చేసింది, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి. అమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని "ఇంకోసారి అమ్మా, ఒక్కసారి" అని అడిగింది. మణి అన్నది. క్యారల్ చప్పట్లు కొట్టింది, ఏడ్చింది, మళ్ళీ కొట్టింది.

"స్కూల్ల రోజంతా ఇదే మాట గదా నాన్నా అమ్మది" అన్నది.

నిజమే. ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేది. పెన్సిల్ పట్టడం రాని పిల్లల చేతి మీద చెయ్యి వేసి "ట్రై నానా, ట్రై" అనేది. సైకిలేసుకుని గేటు దగ్గర నిలబడితే నాకు వినిపించేది. అన్ని మాటలూ పోయి ఆమెకు ఇది మిగిలింది. నా పేరు పోయింది, బిడ్డ పేరు పోయింది, ప్రార్థనలో ప్రభువు పేరు కూడా రావడం లేదు. ట్రై మిగిలింది. టీచరంటే టీచరే.

ఇన్నేళ్ళూ ఆ మాటను నేను చులకన చేశాను. అది ఆఫీసు బాబు నోట్లో వేరు, మణి నోట్లో వేరు.

జూలై 26

అన్నం తింటూ క్యారల్‌ను అడిగాను, ఇంగ్లీషులో దీనికి ఈ మాట ఒక్కటేనా అని.

"మస్తున్నయ్ నాన్నా. అటెంప్ట్, ఎఫర్ట్, స్ట్రగుల్. స్ట్రైవ్ అని ఇంకోటుంటది, అది పుస్తకాలల్లనే."

"అన్నీ ఒకటే అయితే అన్నెందుకు? ఫరక్ ఏంది?"

"ట్రై అంటే చేసి చూసుడు. అటెంప్ట్ అంటే పరీక్షకు కూసున్నట్టు, ఒకసారి దిగుడు. ఎఫర్ట్ అంటే ఒళ్ళు దాచుకోకుండ చేసుడు. స్ట్రగుల్ అంటే తండ్లాట."

"మరి మీ అమ్మది ఏది?"

క్యారల్ ముద్ద కలుపుతూ ఆలోచించింది. "అమ్మది ట్రై. నీది స్ట్రగుల్" అని నవ్వింది.

మన దగ్గర ప్రయత్నం అని ఒక మాట ఉంది, అది పాస్టర్లూ పంతుళ్ళూ వాడతారు. మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. మేము "చూస్తా" అంటాం. చూస్తా అన్నాక చెయ్యకపోయినా ఎవరూ అడగరు. ఇంగ్లీషు వాళ్ళు పనికొకటి పెట్టుకున్నారు. మంచిదే.

ఆగస్టు 4, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. చర్చిలో నేను నోరు తెరవడం అరుదు. మైకు ఇస్తే వద్దన్నాను, నా గొంతు చాలు.

"నా భార్యకు దేవుడు మాట ఇచ్చిండు. ట్రై అంటున్నది. కోత పండుగ నాటికి ఈ గుమ్మం నడిచి దాటుతది. నేను చెప్తున్న, యాది పెట్టుకోండ్రి."

చప్పట్లు. పాస్టరు గారు ఆమేన్ అన్నారు. షాలేమ్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మణి దగ్గర అఆలు దిద్దినవాడు, ఇప్పుడు మీసాలొచ్చి చర్చిలో మైకు సెట్టు చూసుకుంటాడు. "మా టీచర్ నడుస్తరు అంకుల్, చూడుండ్రి" అన్నాడు.

ఆటోలో క్యారల్ మొహం ముడుచుకుంది. "అంత మందిల ఎందుకన్నవ్ నాన్నా? ఒకవేళ కాకపోతే?"

"నేను అన్నది ఎప్పుడు కాలేదో చెప్పు."

క్యారల్ పర్సు తీసి ఆటో డబ్బులు లెక్కపెట్టసాగింది.

ఆగస్టు 11

వాన. అక్సా రాలేదు. నేనే చేయించాను. మంచం నుంచి గడప దాకా, గడప నుంచి మంచం దాకా. కుడి కాలు ఈడుస్తోంది. ట్రై అన్నది. మళ్ళీ మళ్ళీ అన్నది. అంత పట్టుదల చూసి ఇంకో చుట్టు తిప్పాను.

ఆగస్టు 19

నడిపిస్తుంటే ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. ఈ జబ్బుకు ఊరికే నీళ్ళొస్తాయని డాక్టరు ముందే చెప్పాడు. ఏడుపు కాదు.

ఆగస్టు 20

ఏడుపు కాదు. క్యారల్‌ను కూడా అడిగాను. డాక్టరు అన్నాడన్నది.

ఆగస్టు 27

"ఎన్నిసార్లు లేపుతున్రు అంకుల్?" అని అక్సా అడిగింది. "మడిమ దగ్గర వాపొచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలని చెప్పిన గదా."

"నువ్వు చెప్పినట్టే చేస్తున్న."

"ఆంటీకి రెస్ట్ గూడ కావాలె."

"రెస్ట్ ఆమె అడుగుతలేదు. ట్రై అడుగుతున్నది. నువ్వే వింటున్నవ్ గదా?"

అక్సా నవ్వింది. మణి బుగ్గ పట్టుకుని "స్ట్రాంగ్ ఆంటీ" అన్నది.

సెప్టెంబరు 8

బాపట్ల నుంచి రోసమ్మ వచ్చింది, మణి చెల్లెలు. వచ్చీ రాగానే అక్కను పట్టుకుని బావురుమంది. నాకు అలాంటివి నచ్చవు. ఏడిస్తే కాలు లేస్తుందా. మణి ఎంత దూరం వచ్చిందో చూపిద్దామని బెల్టు కట్టి లేపాను.

గడప దాకా నడిచింది. తిరిగి రాబోతుంటే ఆగి, "ట్రై" అన్నది.

"చూసినవా రోసమ్మా? వద్దన్నా ఊకోదు."

రోసమ్మ మొహం మారిపోయింది. "కూర్చోబెట్టండి బావగారూ."

"ఎందుకు? ఆమెనే ట్రై అంటున్నది."

"ట్రై ఏంటండీ! టైర్డ్ అంటోంది అక్క. కూర్చోబెట్టండి ముందు!"

ఆమే కుర్చీ లాక్కొచ్చి వేసింది. మణి అందులో కూలబడి చెల్లెలి కొంగు పట్టుకుంది, ఎడమ చేత్తో, వదలకుండా.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"ఎన్నేళ్ళు విన్నానండీ నేను! సాయంత్రం బడి నుంచి వచ్చి నాకు ఫోన్ చేసేది. హలో కూడా ఉండేది కాదు. 'రోసీ, టైర్డే' అనేది. అంతే. కాసేపు ఊరుకుని మళ్ళీ మాట్లాడేది. ఇప్పుడు నోరు తిరక్క ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పడుతోంది."

"నా తోటి ఎప్పుడు అనలేదు."

"మీతో ఒకసారి అన్నదంట. చాక్‌పీసు పట్టుకుంటే అలుపేందని నవ్వారంట మీరు. మళ్ళీ ఎందుకంటుంది?"

నేను అలా అనలేదు. అన్నట్టు నాకు గుర్తు లేదు.

"ఊరికి బస్సు ఎప్పుడు నీకు?" అని అడిగాను.

సెప్టెంబరు 9

రోసమ్మ పోయింది. వాకిట్లో నిలబడి "వందనాలు బావగారూ" అన్నది. నేను పేపరు చూస్తూ ఉండిపోయాను. రోసమ్మకు ఏం తెలుసు.

సెప్టెంబరు 10

గడప దాటించి వరండా దాకా నడిపించాను. ట్రై అన్నది. స్పష్టంగా ట్రైయే. రోసమ్మకు ఏం తెలుసు.

సెప్టెంబరు 14

మొహం దగ్గర చెవి పెట్టి విన్నాను. సమ్మెట శబ్దంలో పనిచేసిన చెవులు. ఒకసారి ట్రై అన్నట్టు ఉంది. ఇంకోసారి చివర్లో నాలుక పళ్ళకు తగిలినట్టు ఉంది. అది డ కావచ్చు. ఉత్త గాలి కావచ్చు.

సెప్టెంబరు 22

క్యారల్ వచ్చింది. "టైర్డ్ ఇంగ్లీషుల ఎట్ల రాస్తరే?" అని అడిగాను.

"ఎందుకు నాన్నా? ఒంట్లో బాగలేదా?"

"నాకేమైంది? ఊకెనే."

పేపరు అంచు మీద రాసింది. ట్రై కూడా రాయమన్నాను. రాసి, "ఇది చేస్తున్నప్పుడు. చేసుడు అయిపోయినంక ట్రైడ్" అని పక్కన ఇంకోటి రాసింది. క్యారల్ వంటింట్లోకి పోయాక ఆ పేపరు ముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. టి, ఐ, ఆర్, ఈ, డి. టి, ఆర్, ఐ, ఈ, డి. అవే అక్షరాలు. ఒకటి ముందుకొచ్చింది, ఒకటి వెనక్కి పోయింది. అలసిపోవడానికీ చేసి చూడటానికీ ఇంగ్లీషు వాళ్ళు వేరే అక్షరాలు పెట్టుకోలేకపోయారా? చదువుకున్నవాళ్ళకే కళ్ళు తిప్పితే మారిపోయేలా ఉంది. నోరు వంకర పోయిన మనిషి ఏం చేస్తుంది?

క్యారల్‌కు ఎందుకో చెప్పలేదు.

సెప్టెంబరు 23

మణినే అడుగుదామనుకున్నాను. అలసిపోయినవా అని. ప్రశ్న వేస్తే తల ఆడించగలదు, అవునూ కాదూ తెలుస్తుంది.

అడగలేదు.

సెప్టెంబరు 30

వారం రోజులుగా అడగలేదు. అవునంటే?

అక్టోబరు 3

పొద్దున్నే కిటికీ పక్క మేకుకున్న బెల్టు తీశాను. మణి ఇంకా మంచం మీదే ఉంది. కాలు కింద పెట్టలేదు, నేను చెయ్యి పట్టుకోలేదు, లేవమని కూడా అనలేదు. బెల్టు బకిల్ చప్పుడైంది. అంతే.

"ట్రై" అన్నది.

అని, ఎడమ చేత్తో దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

బెల్టు మళ్ళీ మేకుకు పెట్టేశాను. వంటింట్లోకి పోయి ఇద్దరికీ టీ పెట్టాను. పాలు పొంగి పొయ్యంతా అయింది.

అక్టోబరు 4

ఇవాళ లేపలేదు.

అక్టోబరు 6, ఆదివారం

చర్చిలో షాలేమ్ ఆపాడు. "ఇంక నెల రోజులే ఉన్నది అంకుల్ కోత పండుగ. టీచర్ ప్రాక్టీస్ ఎట్లుంది?"

మంచిగుంది అన్నాను.

అక్టోబరు 9

అక్సాకు చెప్పాను, మంచం మీద చేసేవే చేయించు, నిలబెట్టొద్దు అని.

"ఏందంకుల్ గిట్లంటరు? వరండా దాకా వస్తున్నరు గదా! ఈ నెల గట్టిగ చేస్తే చర్చిల నడుస్తరు. ఇప్పుడు ఆపితే కాలు బిగుసుకుంటది. తర్వాత నడక రాదు, ముందే చెప్తున్న."

"రాకపోతే రాకపాయె."

"ఆంటీ ఏమో ట్రై ట్రై అంటరు, మీరేమో..."

"నేను చెప్పింది చెయ్యమ్మా."

గట్టిగా అన్నట్టున్నాను. ఆ పిల్ల తల వంచుకుని మణి వేళ్ళు ఒక్కొక్కటే చాపుతూ కూర్చుంది.

అక్టోబరు 17

ఒకవేళ అది ట్రైయే అయితే? రోసమ్మ చెప్పింది తప్పయితే? పిల్లలకు నేర్పిన మాట గట్టిదా, చెల్లెలికి చెప్పుకున్న మాట గట్టిదా? ఆమె నడుస్తానంటుంటే నేను కుర్చీలో కట్టి పెడుతున్నానా?

పొద్దున బెల్టు తీసి చేతిలో పట్టుకున్నాను. మణి చూసింది. నేను బయటికి పోయి, మెట్టుగూడ చౌరస్తా దాకా నడిచాను. బెల్టు చేతిలోనే ఉంది. తిరిగొచ్చే దారిలో మునిసిపాలిటీ చెత్త బండిలో వేశాను.

నవంబరు 10, ఆదివారం

అంతా రాయాలి. రేపటికి ఇలాగే గుర్తుండదు.

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. క్యారల్ మణికి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టింది. కోత పండుగ కదా, చర్చి స్తంభాలకు చెరుకు గడలు కట్టారు, బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, బియ్యం బస్తాలు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మనుషులు మెట్ల దాకా ఉన్నారు.

పక్క నుంచి లోపలికి పోదామనుకున్నాను. షాలేమ్ చూడనే చూశాడు. మైకులో "మణి టీచర్ వచ్చిన్రు! నోవహు అంకుల్ ఆగస్టుల మాటిచ్చిండు, యాదుందా అందరికి?" అన్నాడు.

ఉంది. అందరికీ ఉంది. లేచి నిలబడ్డారు. గుమ్మం దగ్గర రెండు పక్కలా నిలబడి మధ్యలో దారి వదిలారు. అందులో సగం మంది ఆమె దగ్గర ఎల్‌కేజీ చదివినవాళ్ళు, సంకలో పిల్లల్ని ఎత్తుకుని ఉన్నారు. ఎవరో మొదలుపెట్టారు.

"టీచర్, ట్రై!"

"ట్రై టీచర్, ట్రై!"

చప్పట్లు. పిల్లలు కూడా. ఆమె వాళ్ళకు నేర్పిందే వాళ్ళు ఆమెకు చెబుతున్నారు. తప్పేముంది వాళ్ళది. నేను కూడా మూడు నెలలు ఆ చప్పట్లే కొట్టాను.

మణి ఆ మొహాలన్నీ చూసింది. నోరు వంకర పోయింది.

"ట్రై" అన్నది.

చర్చి అంతా హల్లెలూయ అని అరిచింది. షాలేమ్ పరుగున వచ్చి మైకు జేబులో పెట్టుకుని ఆమె చంక కింద చెయ్యి వేశాడు. "చూసిన్రా? టీచరే అంటున్నరు! లేపుండ్రి అంకుల్, అటుపక్క మీరు పట్టుకోండ్రి!"

నాలుగు అడుగులు. పట్టుకుంటే వేయగలదు. ఆ నాలుగడుగులూ వేస్తే నా మాట నిలబడుతుంది, జీవితాంతం చర్చిలో చెప్పుకుంటారు. నాకు ఆశ లేదంటే అబద్ధం. నా చెయ్యి కూడా అప్పటికే ఆమె మోచేతి దగ్గరికి పోయింది.

మణి వాళ్ళవైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

"చెయ్యి తియ్యి షాలేమ్" అన్నాను.

"ఒక్క నిమిషం అంకుల్, జెర..."

"తియ్యమంటున్న గదా."

వాడి జేబులో మైకు ఆన్‌లోనే ఉంది. నా మాట గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది. చప్పట్లు ఆగిపోయాయి. ఒక చంటిది మాత్రం ఇంకా కొడుతోంది, వాళ్ళమ్మ చేతులు పట్టుకుంది.

పాస్టరు గారు ముందుకొచ్చారు. "సహోదరుడా, విశ్వాసంతో అడుగు వేయనివ్వండి. ఆమె సిద్ధంగా ఉన్నారు కదా."

"ఆమె కూసుంటది అయ్యగారూ. నేను ఆ రోజు చెప్పిన మాట తప్పు. నడవది."

కుర్చీ తోసుకుని గుమ్మం దాటాను. చక్రం ఇరుక్కుంటే వెనక ఎవరో తోశారు, ఎవరో చూడలేదు. గోడ పక్కన, చెరుకు గడల దగ్గర ఆపాను. వెనక బెంచీలో ఎవరో "ముసలాయన మొండోడు" అన్నారు. ఎప్పటి నుంచో ఉన్న మాటే.

బయటికొచ్చాక క్యారల్ నన్ను పక్కకు లాగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ ట్రై అన్నది నాన్నా! చర్చంత విన్నది. నీకొక్కనికే వినపడలేదా?"

నేను ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు చూశాను.

"నువ్వే షురూ చేసినవ్, నువ్వే గివప్ చేసినవ్. ఎందుకు? అమ్మను చూస్తే నామోషీ అయితున్నదా?"

"అనుకో."

నిజం చెప్పొచ్చు. చెబితే దాని మనసు జూలైకి పోతుంది. అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంకోసారి అమ్మా అని ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు చప్పట్లు కొట్టిందో తవ్వుకుంటుంది. అది చిన్నపిల్ల, అది మొయ్యడం దాని వల్ల కాదు. మొండివాణ్ణనుకుంటే నాకేం పోయింది.

మమ్మల్ని ఇంటి దగ్గర దింపి, లోపలికి రాకుండానే అదే ఆటోలో వెళ్ళిపోయింది.

మణికి చీర మార్చాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఎలా విప్పాలో తెలియక చాలాసేపు పట్టింది. పప్పన్నం మెత్తగా కలిపి తినిపించాను. సగం తిన్నాక నోరు మూసుకుని, మూతి తుడుస్తుంటే అన్నది.

"ట్రై."

"అవ్ మణీ" అన్నాను. "అలసిపోయినవ్. తెలుసు."

చాలాసేపు నా మొహం చూసింది. నేను మళ్ళీ ఏదైనా అడుగుతానేమోనని చూసిందో ఏమో. అడగలేదు. అప్పుడు తల ఊపింది, ఒకసారి, చిన్నగా. ఇన్ని నెలల్లో ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నేను ఇంకో చుట్టు తిప్పాను. నేను జవాబు చెప్పింది ఇదే మొదటిసారి.

పడుకోబెడితే వెంటనే నిద్రపోయింది. బయట ఇంకా ఎండ ఉంది, పిల్లలు ఆడుకుంటున్నారు. పగటిపూట పడుకోవడం నాకు అలవాటు లేదు. తలుపు దగ్గరగా వేసి, నేను కూడా ఆమె పక్కన కాళ్ళు చాపాను.